ఆరబెట్టమన్న చేను

కోడూరు, మంగళవారం రాత్రి

సునీతా, ఈ అత్త నోటితో చెప్పింది చెప్పినట్టు రాయి. మెత్తబరచకు.

నీళ్లు నిలిచిన వరిచేలల్లోంచి లేచి ఎండలు పెంచే గ్యాసు తగ్గిస్తామని దేశం మాటిచ్చిందట. అందుకని పంట మధ్యలో ఓసారి నీళ్లు తీసి చేను ఆరబెట్టమన్నాడు వ్యవసాయ ఆఫీసరు.

"మళ్లీ నీళ్లెవరిస్తారు బాబూ?"

"కాలవ ఆఫీసుకి మేం చెబుతాం మామ్మగారూ."

నమ్మి ఆరబెట్టాను. ఇవాళ కాలవ ఆఫీసుకెళ్తే, "మాకెవరూ చెప్పలేదండీ, మీ వంతు నీళ్లు వచ్చే వారమే" అన్నారు.

సముద్రం పక్క నేల, మంచినీళ్లు తీస్తే అడుగునుంచి ఉప్పు లేస్తుంది. సాయంత్రం మడిలో గుంట తీసి, ఊరిన నీళ్లు నాలిక మీద వేసుకున్నాను. ఉప్పన! చేను పొట్టమీదుంది, గింజ పడుతుందో లేదో...

రేపు ఆ నీళ్లే చెంబుతో పట్టుకెళ్లి ఇద్దరు ఆఫీసర్లనీ తాగమంటాను. ముందెవరు తాగాలో తేల్చుకోడానికైనా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.