టీచరమ్మ బస్సెక్కిన ఎపిసోడ్

మా వాతావరణం గారికి,

మీ జడ్జిగారు రాస్తున్నది. ఫోను సిగ్నలు అందని ఆ దీవిలో కూర్చుని మీరు గాలివానలు కొలుస్తుంటే, ఇక్కడ నేను ఊళ్ళోకొచ్చిన ప్రతి సినిమానీ కొలుస్తున్నాను. ఈ పడవకు మూడు తీర్పులు పంపుతున్నాను. వాయిదాలు లేవు, అప్పీళ్ళు లేవు.

మొదటిది, మీ వైర్‌లెస్ ఆపరేటరన్న రేడియోలో పాటలు విని మోజుపడ్డ సినిమా. హీరో నలభై మందిని చితక్కొట్టాడు, చొక్కా మాత్రం నలగలేదు. పోనీ, క్షమించాను. ఆసుపత్రి సీనులో పెద్ద డాక్టరు హీరోయిన్ ఎక్స్‌రే తిరగేసి పట్టుకుని, ఉండాల్సిన వైపు లేని గుండెను చూసి "ప్రాణానికి ఢోకా లేదు" అన్నాడు. పద్నాలుగేళ్ళుగా రోజుకు అరవై ఎక్స్‌రేలు తీస్తున్నదాన్ని, ఊరుకుంటానా? పగలబడి నవ్వాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఆ పిల్ల ఆసుపత్రిలో పడి ఉంటే నవ్వుతారేంటండీ?" అన్నాడు.

రెండోది దెయ్యం సిరీస్. రోజంతా నా గదిలో నేను చెప్పే మాటలు మీకు తెలుసుగా, "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి" అని. ఈ దర్శకుడు బిగబట్టమని చెప్పి టీ తాగడానికి పోయాడు. ఎనిమిది ఎపిసోడ్లయినా తిరిగి రాలేదు.

మూడోది చూడాల్సిందే. లిఫ్టు చెడిపోయి ఆరో అంతస్తులో చిక్కుకుపోయిన ముసలి మొగుడూ పెళ్ళాల కథ. హాల్లో పదకొండు మందిమి. ఆవిడ ఆయనకు గడ్డం గీస్తూ "కదలకు" అంటుంది, అంతే, వాళ్ళ కాపురం మొత్తం కళ్ళకు కట్టింది. ఎవరేమనుకున్నా సరే, ఈ ఏడాదికి ఇదే నంబర్ వన్.

ఇక మనందరి సిరీస్. గని ఇంజనీరు ఇంకా గనిలోనే ఉన్నాడు. ఆయన భార్య టీచరమ్మ మాత్రం బడికి సెలవు పెట్టి, పెట్టె సర్దుకుని బస్సెక్కింది. గని ఊరికి పోయే బస్సు. కిటికీ పక్క సీటు. బస్సు కదిలింది, ఎపిసోడ్ అయిపోయింది. తర్వాతేమైందని మీ వంటాయన గొడవ చేస్తే నేనేం చెయ్యలేను. కథ వింటూ కూర్చుని పడవను ఆలస్యం చెయ్యొద్దని, దాన్ని నడిపే సరంగు మామకు చెప్పండి.

మీ జడ్జి


ఏమండీ,

ఇది అందరికీ చదివి వినిపించకండి. ఒక్కరే కూర్చుని చదువుకోండి.

టీచరమ్మ ఏ బస్సూ ఎక్కలేదు. మూడు నెలలుగా నేను రాస్తున్నది సిరీస్‌లో లేనేలేదు, అంతా నా సొంత పైత్యం. రెండో సీజన్ చివర్లోనే నేను చూడటం మానేశాను.

అసలు జరిగింది ఇదీ. గనిలో ఇంకో రెండేళ్ళు ఉంటానని ఇంజనీరు ఆఫీసులో సంతకం పెట్టేసి, ఆ తర్వాత భార్యకు ఫోన్లో ఒక్క ముక్క చెబుతాడు. ఆమె సరేనంటుంది. మర్నాడు బడికెళ్ళి పాఠం చెప్పి, సాయంత్రం ఇంటి తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్ళిపోతుంది. ఒక్క ఏడుపు లేదు. జడ్జిని కాబట్టి ఒప్పుకోవాలి, సిరీస్ మొత్తానికి అదే మంచి ఎపిసోడ్. చూసి టీవీ కట్టేశాను. మళ్ళీ ఆ సిరీస్ జోలికి పోలేదు.

ఎందుకో మీకు తెలుసు. పోయిన ఏడాది మీరూ రెండో విడతకు సంతకం పెట్టేసి, ఉత్తరం చివర ఒక్క లైను రాశారు. "ఇంకో మూడేళ్ళు ఇక్కడే, నీకు ఇబ్బంది లేదనుకుంటా" అని. జవాబుగా నేను ఏదో సినిమా ఇంటర్వెల్ ఎంత బావుందో రెండు పేజీలు రాశాను. మీ సంతకం గురించి ఒక్క మాట రాయలేదు. కానీ ఒళ్ళు మండిపోయిందండీ. నన్నడిగి ఉంటే సరేననేదాన్నేమో. అడగలేదు, అదే బాధ. ఏడాదిగా దాన్ని దిగమింగుకుని ఊళ్ళో సినిమాలన్నిట్లో తప్పులు వెతుకుతున్నాను.

టీచరమ్మ వెళ్ళిపోయిందని రాస్తే, నేను వెళ్ళిపోతున్నానని అనుకుంటారేమోనని భయపడ్డాను. అందుకే ఆమెను ఇంట్లోనే ఉంచి మొక్కలకు నీళ్ళు పోయించాను, పిల్లల పేపర్లు దిద్దించాను. ఎన్నాళ్ళని దిద్దిస్తాను? కిందటి ఉత్తరంలో బస్సెక్కించేశాను. రాశాక తెలిసింది, బస్సెక్కాలని ఉన్నది ఆమెకు కాదు, నాకని.

మీ పడవ బయల్దేరే రేవులో చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడి ఎక్స్‌రే మిషన్ నడిపేవాళ్ళు లేక ఏడాదిగా ముసుగేసి ఉంచారట. ఆ ఊరికి బదిలీ కోరుతూ దరఖాస్తు రాశాను. సంతకం మాత్రం పెట్టలేదు, హ్యాండ్‌బ్యాగులో ఉంది. మీలాగా చెయ్యను, ముందు అడుగుతున్నాను. నేనక్కడుంటే పడవ తిరిగినప్పుడల్లా మీరు ఇంటికి రావచ్చు. రమ్మంటారా, వద్దంటారా? "నీ ఇష్టం" అని మాత్రం రాయకండి. అలా రాస్తే కాగితం చింపేసి, నేనూ తాళం పక్కింట్లో ఇస్తాను. బెదిరింపు కాదు, తీర్పు.

మీ భార్య


జడ్జిగారికి,

చెప్పినట్టే ఒక్కణ్ణే కూర్చుని చదివాను. వంటాయన అలిగాడు.

నువ్వొక సంగతి మర్చిపోయావు. నీ ఉత్తరాలు మోసుకొచ్చే సరంగు మామ దీవిలో ఉండడు, రేవులో ఉంటాడు. వాళ్ళింట్లో టీవీ ఉంది. రెండు నెలల కిందట అందరికీ చదవడం అయ్యాక నన్ను పడవ దగ్గరికి తీసుకెళ్ళి, "ఏమయ్యా, మా ఇంట్లో ఆడవాళ్ళంతా చూశారు, ఆ టీచరమ్మ మొగుణ్ణి వదిలేసి ఎప్పుడో పోయింది. మీ ఆవిడేంటి, ఇంకా మొక్కలకు నీళ్ళు పోస్తోందని రాస్తోంది?" అన్నాడు.

ఎందుకు దాస్తున్నావని అడిగితే నిజం చెప్పేస్తావని భయం. అప్పట్నుంచీ నీ ఉత్తరం రాగానే ముందు చివరి పేజీ చూసేవాణ్ణి, టీచరమ్మ ఇంకా ఇంట్లోనే ఉందా అని. ఉంటే మళ్ళీ పడవ వచ్చేదాకా నిశ్చింత. బస్సెక్కిందని చదివిన రోజు అన్నం ముట్టలేదు. అది గని ఊరి బస్సని రెండోసారి చదివితే గానీ కనపడలేదు.

సంతకం సంగతి. ప్రమోషన్ వస్తుందని పెట్టాను. నిన్నడిగితే వద్దంటావని అడగలేదు. నీ ఉత్తరాలు నవ్విస్తుంటే నువ్వు హాయిగానే ఉన్నావనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. తప్పు నాదే. క్షమించు.

నీ ప్రశ్నకు జవాబు, రేవుకు రా. నా ఇష్టం అదే. రెండో విడత తగ్గించమని నేనూ ఆఫీసుకు రాశాను. వాళ్ళు ఒప్పుకునేసరికి ఎన్ని నెలలవుతుందో తెలియదు. అప్పటిదాకా పడవ తిరిగినప్పుడల్లా వస్తాను.

ఈ ఉత్తరం మామ చేతికివ్వడం లేదు. వైర్‌లెస్‌లో అడిగితే పది రోజులు సెలవిచ్చారు, నేనే పట్టుకొస్తున్నాను. ఇవన్నీ ఎదురుగా నిలబడి చెప్పాలంటే నాకు నోరు పెగలదు. అందుకని కాగితం నీ చేతికిచ్చి, నువ్వు చదివేదాకా తలుపు బయటే ఉంటాను.

చదవడం అయిపోయింది కదా. లోపలికి రానా?

ఇట్లు,
గుమ్మంలో నిలబడ్డ నీ మొగుడు