కుళ్ళాయప్ప గుంతలో నీళ్లు

చెల్లెలు గౌరికి ధర్మవరం నుంచి అన్న దీవెనలు.

నాయన మంచం పట్టిన ఏడు మన మగ్గం కింది గుంతలోకి వాననీళ్లొస్తే, "ఇప్పుడే వస్తా, తోడుదాం" అని ఎదురింటి కుళ్ళాయప్ప మాటిచ్చి రాలేదు. నాయన నేస్తుండిన పట్టుచీర తడిసి, అంచు ఎరుపు చీరంతా పాకింది. నువ్వు మరిచిపోయుంటావు.

నిన్న నీళ్లు ఆయన గుంతలోకే వచ్చినాయి. మగ్గం మీద ఆయన కోడలు మంజులత సగం నేసిన పెళ్లిచీర ఉంది. బొక్కెన తీసుకుని పోయినాను.

"ఏమప్పా, నవ్వేదానికొచ్చినావా?" అన్నాడు.

"నవ్వు రేపు నవ్వుకుంటా. ముందు జరుగు, తోడాల."

ఈ క్షణంలో బతకమని చెప్పే పుస్తకాలు ఎన్నో చదివినాను. నీళ్లు తోడేటప్పుడే అది చేతనైంది. పాత పగ గుర్తే రాలేదు. చీర మీద ఒక్క చుక్క పడలేదు.

బయటికొస్తుంటే ఆయన "ఆ పొద్దు నేను..." అని మొదలుపెట్టినాడు. "పని ఉండాదప్పా" అని వచ్చేసినాను. ఆ మాట ఆయన నోట్లోనే ఉండనీ. గెలిచింది నేనే.

నీ మోకాలు నొప్పి తగ్గిందా? హిందూపురం నుంచి ఎవరొచ్చినా నా కళ్లద్దాలు పంపు. పెనుకొండ అత్తను అడిగినానని చెప్పు.

మళ్లీ వానొస్తే మళ్లీ పోతాను. అయినా నాయన చీర చెడిన పాపం ఎప్పటికీ కుళ్ళాయప్పదే.