చింతపండుతో తోమిన తుపాకీ

దసరా ముందురోజు, అల్ ఘర్రాఫా

ఒళ్లు మండిపోతోంది. వరల్డ్ కప్ హడావుడిలో ఈ గల్ఫ్ ఊళ్లో ముషైరిబ్ పేటలోని పాత కొట్లు కూల్చేస్తుంటే, ఎండలో తిరిగి వెతికి కొన్న పాతకాలపు కౌబాయ్ బొమ్మ తుపాకీ అది. రేపటి ఆయుధపూజకని అత్తగారు దాన్ని చింతపండు పెట్టి తోమేశారు! ఆ పాత రంగే కదా దాని విలువ! పిడి మీద గుర్రం బొమ్మ అరిగిపోయింది. తోలు ఒర నిండా పసుపు, కుంకుమ.

"ఎంత మురికి పట్టిందో బాబూ! ఇప్పుడు చూడండి, కొత్తదానిలా లేదూ?"

నేను నోరు తెరిచేలోపే రమ గుడ్లురిమింది. "మా అమ్మ చేతులు నొప్పిపుట్టేలా తోమింది. బాగుందనండి."

పళ్లు కొరుక్కుంటూ బాగుందన్నాను. అత్తగారి మొహం వెలిగిపోయింది.

"అయితే అల్మరాలో మీరు దాచుకున్న పాత బొమ్మలన్నీ ఇవ్వండి. పొద్దున్నే లేచి తోమేస్తాను."

అల్మరా తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను.