వెనక ఎడమ చక్రం చప్పుడు

చిల్కానగర్, సోమవారం

పూర్ణిమ బిడ్డకు హన్మయ్య మామ దీవెనలు.

ఉత్తరం చూసి నవ్వకు. కార్లు బాగుచేసే నీ షెడ్డులో గ్రైండర్ మోతకు ఫోన్ వినబడదు. ఎదురుగా చెబుదామంటే నీ ముఖం చూశాక నాకు ఫిర్యాదు నోట రాదు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ముప్పై ఏళ్లు ప్రతి లోపమూ కాగితం మీదే పెట్టినవాణ్ణి. అందుకే ఇది కారు డ్యాష్‌బోర్డులో పెట్టి, కారు నీ గేటు దగ్గర వదిలిపోతున్నాను. జవాబూ అందులోనే పెట్టు.

ఉప్పల్ రోడ్డు గుంతలకు తట్టుకుంటాయని పెద్ద టైర్లు వేయించాను. ఇప్పుడు వెనక ఎడమ టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంటోంది. మీ నాన్న బిక్షపతి పోయాక, షెడ్డులో నిన్ను చూసి, ఆడపిల్లకు ఈ పనేం వస్తుందని జనం వెనక్కి పోతున్నారని విన్నాను. ఈ నెలాఖరు ఆదివారం మా పాత షిఫ్టువాళ్లు ఎనిమిది మంది మా ఇంటికొస్తున్నారు. వాళ్లను ఈ కారెక్కించి నీ పని చూపిస్తాను. వాళ్ల బండ్లన్నీ నీకే రావాలి.

నీ మేలు కోరే మామ,
హన్మయ్య

తా.క.: టైర్లవాడు "కారు జర ఎత్తయితది, మస్తు కనవడ్తది సార్" అన్నాడు. నిజమే. మీ అత్తమ్మ ఎక్కడానికి పీట వేస్తున్నాను.

నాచారం, బుధవారం

మామకు, శారదమ్మ అత్తమ్మకు నమస్కారాలు.

అంచును వేడిచేసి, రంగు పగలకుండా లోపలికి మడిచాను. గుంతల్లో తిప్పి చూశాను, చప్పుడు లేదు. పనిలో పనిగా కారంతా పాలిష్ పట్టాను. ఆ ఎనిమిది బండ్లు వస్తే నాకు ధైర్యం వస్తుంది మామ. నిన్న కూడా ఒకాయన కారు దిగకుండానే "మీ నాయన లేడా? మల్ల వస్త తీ" అని పోయాడు.

మీ బిడ్డ,
పూర్ణిమ

తా.క.: పోతూ పోతూ రివర్సులో నా గేటుకే గుద్దాడు. ఆ సొట్ట తీయించుకోవడానికైనా మళ్లీ రావాలి.

చిల్కానగర్, శనివారం

బిడ్డా, క్షేమం.

కారు రాగానే వాడకట్టంతా చూడ్డానికొచ్చింది. పక్కింటి వెంకటనర్సమ్మ "కొత్త కారు కొన్నరా ఏంది, గింత మెరుస్తుంది!" అంటూ రెండుసార్లు చుట్టూ తిరిగింది. తీరా మర్నాడు తీస్తే, అదే చక్రం దగ్గర సర్ర్ సర్ర్! నీ మీద నమ్మకం తగ్గలేదు. చప్పుడూ తగ్గలేదు.

ఇట్లు,
హన్మయ్య

నాచారం, మంగళవారం

మామకు నమస్కారాలు.

ఈసారి మడ్‌గార్డును బయటికి అర అంగుళం లాగాను. నేను తిప్పితే చప్పుడు రావడం లేదు, మీరు తిప్పితేనే వస్తోంది. వెనక ఎడమవైపు ఎవరు కూర్చుంటారు? బరువెంత? రాయండి.

పూర్ణిమ

తా.క.: తప్పుగా అనుకోకండి. చెవులు ఒకసారి దవాఖానాలో చూపించుకోండి.

చిల్కానగర్, గురువారం

పూర్ణిమకు,

వెనక ఎడమవైపు కూర్చునేది మీ అత్తమ్మే. నీ ప్రశ్న బిగ్గరగా చదివాను. రెండు రోజులుగా ఇంట్లో నాతో మాటల్లేవు. చప్పుడు మాత్రం అలాగే ఉంది. ఆదివారానికి ఇంక మూడు రోజులు. ఆ ఎనిమిది మంది ముందు నా తల కాదు, నీ తల వంగకూడదని నా బాధ.

హన్మయ్య

తా.క.: చెవులు చూపించుకున్నాను. బ్రహ్మాండంగా ఉన్నాయట. ఇంక మీ అత్తమ్మ మాట వినబడలేదనడానికి వీల్లేదు.

నాచారం, శుక్రవారం

మామకు,

లోపలి అంచు మొత్తం కోసేశాను. నలుగురిని కూర్చోబెట్టి మల్లాపూర్ దాకా తిప్పాను. ఒక్క చప్పుడు లేదు. ఇంకా కోస్తే కారే మిగలదు. మీకు మళ్లీ వినబడితే, జనం అంటున్నదే నిజమేమో, నాకు ఈ పని రాదేమో అనిపిస్తోంది. నాన్న ఉంటే అడిగేదాన్ని.

పూర్ణిమ

చిల్కానగర్, ఆదివారం సాయంత్రం

బంగారు తల్లి పూర్ణిమకు, మీ శారదమ్మ అత్తమ్మ రాయునది.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ముందు నన్ను తిట్టుకో, తర్వాత మిగతాది చదువు. ఇవాళ మీ మామ ఆ ఎనిమిది మందినీ వంతులవారీగా కారులో తిప్పారు. మళ్లీ సర్ర్ సర్ర్. మూడో వంతులో, అందరూ చూస్తుండగా, చక్రం వెనక నుంచి ఒక పాత చెప్పు ఊడి రోడ్డు మీద పడింది. ఆ టైరుకు రాసుకున్నది ఆ చెప్పే తల్లీ, నీ మడ్‌గార్డు కాదు.

కట్టింది నేనే. నువ్వు మొదటిసారి బాగుచేసి పంపినప్పుడు వాడకట్టంతా కళ్లప్పగించి చూసింది. దిష్టి తగులుతుందని చెప్పు కట్టాను. మీ మామకు ఇలాంటివి గిట్టవు కాబట్టి లోపల దాచి కట్టాను. కారు నీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ విప్పేశాను. పనిచేసే పిల్ల గుమ్మంలోకి చెప్పు వేలాడేసుకుని రావడం నిన్ను అవమానించినట్టు కాదా?

మీ మామ నా మీద అరుస్తుంటే, ఆ ఎనిమిది మందిలో ఒకడైన బాలరాజు అన్న ఆపాడు. "ఆగు హన్మయ్యా! పాత కారుకు దిష్టి తగుల్తదని చెల్లె భయపడ్డదంటే, ఆ పిల్ల ఎంత మంచిగ జేసిందో సూడు. రేపు నా బండి గూడ ఆడికే" అన్నాడు. మిగిలిన ఏడుగురూ తల ఊపారు. పొద్దున్నే గేటు తియ్యి.

నీ పనికి వంక లేదు బిడ్డా. మీ నాన్న ఉంటే ఇదే మాట అనేవాడు.

నిన్ను ఏడిపించిన అత్తమ్మ,
శారదమ్మ

తా.క.: ఆ చెప్పు మీ మామదే. పోయిందనుకుని పది రోజుల నుంచి ఇల్లంతా వెతుకుతున్నారు. రెండోది కాగితంలో చుట్టి డ్యాష్‌బోర్డులో పెట్టారు. ఇలాంటివి నమ్మరట గానీ, రేపు ఎనిమిది బండ్లు ఒక్కసారి వస్తాయి కదా, నీ షెడ్డు గేటుకు కట్టమన్నారు.