అన్నయ్య కోసం వేసిన పట్టీ

ఆదివారం, రాత్రి

అన్నయ్య పోయాక ఇవాళే మళ్లీ ఆయన నడిపిన రేసు కారు ముట్టుకున్నాను. కొత్త డ్రైవర్ సుజాత సీట్లో కూర్చుంటే కారు వెనక కుడివైపు ఎత్తుగా నిలిచింది. అన్నయ్య భారీ మనిషి. ఆయన బరువు ఆపడానికి అటువైపు చక్రం మీద బరువు మోసే కమాన్ కట్టలో ఒక ఇనుప పట్టీ ఎక్కువ వేశాం.

"ఆ పట్టీ తీయాలె అక్కా, లేకుంటే మలుపుల కాడ బండి జారుతది. నీకు కష్టమైతే నేనే తీస్త," అంది సుజాత.

"వద్దు, నేనే తీస్త."

జాకీతో కారు ఎత్తి, బోల్టులు విప్పి పట్టీ తీసేశాను. సుజాత మళ్లీ కూర్చుంది. కారు సమంగా నిలిచింది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

కాజీపేటలో ఇంటికి రాగానే అమ్మ అడిగింది, "కారు మంచిగైందా బిడ్డా?"

"అయింది," అన్నాను.

అమ్మ అన్నం పెట్టింది. తిన్నాను. కూర ఏమిటో ఇప్పుడు గుర్తు రావడం లేదు...