మా అన్న కొట్టేసిన కపోతం

గద్వాల, 1938
ఆషాఢం, ఆదివారం రాత్రి

మా అన్నంత మూర్ఖుడు ఈ సంస్థానంలో ఇంకొకడు లేడు. ఇల్లు పంచుకున్నా, ముందుగోడ పైఅంచున చూరులా బయటికి వచ్చేలా నాన్న చేయించిన సున్నపు కపోతం రెండు వాటాలకూ కలిసే ఉండేది. పావురం మెడలా వంపు తిరిగి ఉంటుందని పూర్వం శిల్పులు దానికి ఆ పేరు పెట్టారట. వాన నీళ్లను గోడకు తగలకుండా దూరంగా జారవిడవడం దాని పని.

ఆ పేరుకు పావురమని అర్థం ఉందని నిన్న పురోహితుడు చెప్పాడట. పావురం వాలిన ఇల్లు పాడుపడుతుందని అన్నకు భయం. పొద్దున్నే సుత్తి తెచ్చి, దాని మీది పావురాలను తరిమి, తన వాటా మేరకు కొట్టేశాడు.

"అది గోడకు గొడుగన్నా, జర ఆగు," అన్నాను.

"నీ సదువు నీ తాన్నే పెట్టుకో. నా ఇంటి మీద గా పీడ నాకొద్దు."

సాయంత్రం వాన దంచింది. కొట్టేసిన చోట పగుళ్లలోంచి నీళ్లు ఆయన ఇంట్లోకి దిగాయి. మంచం మోసుకుని నా అరుగు దగ్గరికి వచ్చాడు.

"జర గింత జాగ ఇయ్యరా."

పైకి చూశాను. ఆయన తరిమిన పావురాలన్నీ నా వైపు కపోతం మీద ముడుచుకుని కూర్చున్నాయి.

"పావురాలు వాలిన ఇల్లన్నా ఇది. నీకెందుకు?" అని తలుపు వేసుకున్నాను.

వాన ఇంకా తగ్గలేదు. తగ్గకూడదు కూడా.