బల్ల దగ్గర ఇంకో గొంతు

ఉదయగిరి, ఆదివారం

సుకుమారి వదినకు వందనాలు. పిల్లలిద్దరూ బాగున్నారు. వాళ్లను ఆత్మకూరు తీసుకుపోయి మీ దగ్గరే చదివిస్తామని మీరన్నారు. ఫోను ఎప్పుడూ పెద్దది ఏంజెలిన్ చేతిలోనే ఉంటుంది కనుక, జవాబు కార్డు మీద రాస్తున్నాను.

ఈరోజు ఆరాధన నుంచి వచ్చాక పిల్లలు అడిగితే హాట్‌డాగ్‌లు చేశాను. మీ చెల్లెలు ఉన్నప్పుడు చేసినట్టే సాసేజీలు ఉడికించి, పెనం మీద వెన్నతో కాల్చి, ఉల్లిపాయ, సాసుతో బన్నుల్లో పెట్టాను. అందరం కళ్లు మూసుకున్నాం. చిన్నది షారోన్ భోజన ప్రార్థన చేసింది. ఇద్దరూ ఆమెన్ అన్నారు. ఆ వెంటనే నా పక్కనున్న ఖాళీ కుర్చీలోంచి ఇంకో గొంతు మెల్లగా ఆమెన్ అన్నది.

“ఎవురే అనింది?” అని ఏంజెలిన్ చెల్లెలిని గిల్లింది. భయపడతారని, నేనే అన్నానని చెప్పాను.

“అబద్ధాలాడబాక నాయనా! అమ్మ పొయినప్పట్నుంచి నువ్వు ఆమెన్ అనిందే ల్యా,” అన్నది షారోన్, బన్ను కొరుకుతూ. “అమ్మే అనింది. రోజూ అంటాది. నీకు ఈ పొద్దే ఇనపడిందా?”

అన్న మోకాలి నొప్పి తగ్గిందా? నిమ్మకాయ ఊరగాయ అయిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం పంపండి. షారోన్ స్వెట్టరు మీ ఇంట్లో ఉండిపోయిందేమో చూడండి.

పిల్లలను మాత్రం తీసుకుపోవద్దు వదినా. వాళ్లు వచ్చేస్తే ఈ ఇంట్లో ప్రార్థన చేసేవాళ్లు ఉండరు. అప్పుడు ఆమె గొంతూ ఉండదు.

దేవుడు మీ ఇంటిని చల్లగా చూడాలి.

మీ మరిది
జోయల్